నిలబడితే చచ్చే ఆట

రెండు వేల మూడో, నాలుగో సంవత్సరం. తిరుపతి పాత ఊళ్లో మా ఇంటి ముందుగదిలో, మద్రాసు నుంచి విడిభాగాలు తెప్పించి బిగించుకున్న కంప్యూటరు ఒకటి ఉండేది. దాని మీద నేను పెళ్లిపత్రికలు, కరపత్రాలు, గృహప్రవేశాల కార్డులు టైపు చేసేవాణ్ని. డిగ్రీ చదివి ఏడాది దాటింది. ఉద్యోగం రాలేదు. ఎవరైనా అడిగితే సొంతంగా డీటీపీ చేస్తున్నానని కాస్త గొంతు పెంచి చెప్పేవాణ్ని. ఎండాకాలం మధ్యాహ్నాలు పని ఉండేది కాదు. అప్పుడు ఆటలాడేవాణ్ని.

రైల్వే స్టేషనులో పుస్తకాల అంగడికి నెలకొకసారి ఇంగ్లీషు కంప్యూటర్ పత్రిక ఒకటి వచ్చేది. దానితో పాటు ప్లాస్టిక్ సంచిలో ఒక సీడీ ఉండేది. పత్రిక ఎవరు చదివేవారో నాకు తెలియదు, మేమందరం సీడీ కోసమే కొనేవాళ్లం. అందులో కొత్త ఆటల డెమోలు ఉండేవి. డెమో అంటే మామిడి మండీలో వ్యాపారి కోసి చేతిలో పెట్టే ముక్క లాంటిది. ఆ ముక్క ఎప్పుడూ తియ్యగానే ఉంటుంది. బుట్ట ఇంటికి తెచ్చుకున్నాక సంగతి వేరు. కానీ నాలాంటి వాడికి బుట్ట కొనే ఉద్దేశమే లేదు గనుక, ముక్కలతోనే కడుపు నింపుకునేవాణ్ని.

ఆ నెల సీడీలో వచ్చింది దయ్యాలను కాల్చే ఆట. అంతకుముందు భయపెట్టే ఆటలు కొన్ని ఆడాను. వాటి పద్ధతి వేరు. చీకటి ఇల్లు, చేతిలో లాంతరు, ఎక్కడో కిర్రుమనే తలుపు, తాళం చెవి కోసం వెతుకులాట. వాటిల్లో భయం నింపాదిగా వస్తుంది. మనం కుర్చీలో వెనక్కి జరిగి, అది రావడం కోసం ఎదురుచూసేంత తీరిక ఉంటుంది. ఈ ఆటలో ఆ తీరిక లేదు. మొదలుపెట్టగానే ఒక పాడుబడిన కోట వాకిట్లో నిలబడి ఉంటాం. బడిలో ఉన్నప్పుడు పులిహోర పొట్లాలతో మమ్మల్ని చంద్రగిరి కోటకు తీసుకుపోయారు. ఆ మేడ వెనక గోడలు, బురుజులు నాకింకా గుర్తే. ఇదీ అలాగే ఉంది, ఆకాశం మాత్రం ఎర్రగా ఉంది. చూద్దామని తల తిప్పేలోపు వెనక గేటు మూసుకుంది. నాలుగు మూలల నుంచీ అవి వచ్చాయి.

మొదటిసారి అరనిమిషం బతికాను. రెండోసారి ఇంకొంచెం. ఏం చేస్తే చస్తున్నానో మూడోసారికి తెలిసింది. నిలబడితే చస్తాం. అంతే, అదొక్కటే నియమం. గురి చూద్దామని ఒక్క క్షణం ఆగినా, గోడ చాటున దాక్కుందామనుకున్నా, తుపాకీలో గుండ్లు ఎన్ని ఉన్నాయో చూసుకుందామన్నా చచ్చినట్టే. పక్కకు జారుతూ, వెనక్కి పరుగెడుతూ, గుండ్రంగా తిరుగుతూ కాలుస్తూనే ఉండాలి. మా కంప్యూటరుకు అంత శక్తి లేదు. బొమ్మల నాణ్యత తగ్గించుకుంటూ పోతే చివరికి కోట గోడలు తడిసిన అట్టల్లా తయారయ్యాయి. అయినా ఆ వేగం మాత్రం తగ్గలేదు. దవడలు వేలాడేవి, గోడలు పాకేవి, రెక్కలున్నవి, అన్నీ నా మీదికే. వాటిని చూసి భయపడేంత సమయం కూడా ఇచ్చేవి కావు. ఆట ఆపి మంచినీళ్ల కోసం లేచినప్పుడు చెంబు పట్టుకున్న చేయి వణుకుతోందని తెలిసేది. అప్పటిదాకా నేను భయపడుతున్నానన్న సంగతే నాకు తెలిసేది కాదు.

ఇది నాకు కొత్తగా అనిపించింది. పరుగులో ఉన్నవాడు భయాన్ని గుర్తుపట్టడు, కాళ్లు ఆగాకే అది వస్తుంది. నోటు పుస్తకంలో ఈ ముక్క రాసుకున్నాను కూడా. ఆ రోజుల్లో నాకు ఇలాంటివి రాసుకుని గొప్పవాణ్ననుకునే జబ్బుండేది.

రెండు రోజుల్లో నా చేతులు తర్ఫీదయ్యాయి. మొదటి వాకిలి, రెండో వాకిలి దాటేశాను. మూడో వాకిట్లో మాత్రం ప్రతిసారీ ఒక్క చోటే చచ్చేవాణ్ని. అక్కడ చాలా దూరంలో ఒక తోరణం కింద నుంచి ఒకటే ఒకటి వస్తుంది. మిగతావాటిలా దానికి కోరలు లేవు, రెక్కలు లేవు. మనిషి ఆకారం. ఒళ్లంతా నల్లగా, మసి పూసినట్టు. కళ్లు మాత్రం తెల్లగా. రెండు చేతులూ ముందుకు చాపి పరుగెత్తుకుంటూ వస్తుంది. దాన్ని కాల్చడం కష్టమేమీ కాదు, నాలుగు గుండ్లు చాలు. కానీ అది రావడం చూడగానే నా చేయి మౌసు మీద నుంచి జారిపోయేది. వేళ్లు పనిచేసేవి కావు. అది వచ్చి మీద పడేదాకా చూస్తూ కూర్చునేవాణ్ని. తెర ఎర్రబడి, మళ్లీ ఆడతావా అని అడిగేది.

అది ఎందుకో నాకు బాగా తెలుసు. ఎవరికీ చెప్పలేదంతే.

మా ఊళ్లో వేసవిలో గంగజాతర జరుగుతుంది. వారం పాటు. ఆడపిల్లలను చెరబట్టిన ఒక పాలెగాడు భయపడి దాక్కుంటే, వాణ్ని వెతుకుతూ గంగమ్మ రోజుకో వేషం వేసిందని చెబుతారు. అందుకని మొక్కున్న ఇళ్లవాళ్లు రోజుకో వేషం వేసి ఊరంతా తిరుగుతారు. ఒకరోజు ఒంటికి తెల్ల నామంసుద్ద, ఒకరోజు కుంకుమ, ఒకరోజు బొగ్గు. పట్టపగలు, ఎండలో, డప్పుల మోతలో, వేపకొమ్మలు పట్టుకుని, ఎదురైనవాళ్లనల్లా బూతులు తిడుతూ పరుగెడతారు. ఆ తిట్లు తినడం మంచిదని జనం ఎదురొచ్చి మరీ నిలబడతారు. మా ఇంటిది బొగ్గు వేషం. తాత తరువాత నాయన వేసేవాడు.

మా వీధిలో పెద్దలు పెట్టుకున్న నియమాలు రెండుండేవి. వేషంలో ఉన్నవాడు గుడి దగ్గర నీళ్లు పోసుకునేదాకా ఎవర్నీ పేరు పెట్టి గానీ వరస పెట్టి గానీ పిలవకూడదు. తిట్టాలి, అంతే. అప్పుడతను ఎవరికీ తండ్రి కాదు, తమ్ముడు కాదు. రెండోది, వేషంలో జరిగినదేదీ వేషం విప్పాక మాట్లాడుకోకూడదు. ఎవరు ఎవర్ని ఏమని తిట్టినా, ఎవరికి దెబ్బ తగిలినా ఆ నీళ్లతోనే పోవాలి. పొద్దున వేషంలో పక్కింటాయన్ను అమ్మనా బూతులు తిట్టినవాడు సాయంత్రం అదే ఇంట్లో కూర్చుని కాఫీ తాగాలంటే ఆ మాత్రం నియమం ఉండాలి మరి.

చిన్నపిల్లలు దడుసుకోకుండా అమ్మ ఒక పద్ధతి పెట్టుకుంది. నాయన బొగ్గు పూసుకునేటప్పుడు నన్ను తెచ్చి అరుగు మీద ఎదురుగా కూర్చోబెట్టేది. ముందు చేతులు, తరువాత ఛాతీ, మెడ, చెవులు, ముక్కు. నాయన ముక్క ముక్కగా మాయమయ్యేవాడు. చివరికి కళ్లు మిగిలేవి. మీ నాయనే, చూడు, అని అమ్మ అంటూ ఉండేది. అలా చూసినందువల్ల నాకెప్పుడూ భయం వేయలేదు.

ఆరేళ్ల వయసులో మాత్రం అది తప్పింది. పది రోజుల ముందు నన్ను పలమనేరులో అమ్మమ్మ ఇంటికి పంపారు. జాతర చాటింపు పడ్డాక ఊరివాళ్లు రాత్రిళ్లు పొలిమేర బయట ఉండకూడదంటారు. చాటింపు లోపలే రావాల్సినవాణ్ని, జ్వరం తగిలి ఆలస్యమయ్యాను. సరిగ్గా బొగ్గు వేషం రోజు పొద్దున చిన్నాయన బస్సులో నన్ను తీసుకొచ్చాడు. వీధి మొదట్లో నా చేతికి ఐసు పుల్ల కొనిచ్చి, తెలిసినవాళ్లెవరో కనబడితే మాటల్లో పడ్డాడు. నేను వీధి మధ్యలో నిలబడి ఐసు తింటున్నాను. ఆ చివర నుంచి నల్లటి మనిషి ఒకడు నన్నే చూస్తూ చేతులు చాపి పరుగెత్తుకొచ్చాడు.

పరుగెత్తాను. వెనక డప్పులు, అరుపులు. తిరిగి చూస్తే ఇంకా దగ్గరికి వచ్చాడు. ఇంకా పరుగెత్తాను. వెనక నుంచి నా చొక్కా పట్టి గుంజి పక్కకు విసిరేశాడు. కాలవ రాతికి నా గడ్డం తగిలి చీలింది. నోట్లో రక్తం, ఐసు తీపి కలిసిన రుచి నాకిప్పటికీ తెలుసు. పైన నల్లటి మొహం, తెల్లటి కళ్లు. ఆ తరువాత జ్ఞాపకం లేదు. సాయంత్రం తెల్ల చొక్కా తొడుక్కుని నాయన నా మంచం దగ్గరికి వస్తే ఇల్లెగిరిపోయేలా ఏడ్చానట.

నెలల తరబడి ఆయన ఒళ్లో కూర్చోలేదు. తరువాత కూర్చునే వయసు పోయింది. ఆయనా పిలవలేదు. మాకిద్దరికీ మధ్య మాటలు అమ్మ ద్వారా నడిచేవి. ఫీజు, చొక్కా, పరీక్ష ఏదైనా సరే. నేను ఆయన ఎదుట పడకుండా ఇంట్లో తిరగడం నేర్చుకున్నాను, చిన్న ఇంట్లో అదేం సులువు కాదు. ఆ ఏటి నుంచి నాయన వేషం వేయడం మానేశాడు, చిన్నాయనకు అప్పజెప్పాడు. బిడ్డను గాయపరిచానన్న సిగ్గుతో మానేశాడని అనుకున్నాను. నా లోపల ఉండిపోయింది మాత్రం వేరొకటి. ఒక్కసారి నన్ను పేరు పెట్టి పిలిచి ఉంటే నిలబడేవాణ్ని కదా అని. పెద్దయ్యాక నియమం సంగతి తెలిసింది. అప్పుడు కోపం తగ్గకపోగా పెరిగింది. బిడ్డ కన్నా ఆయనకు నియమం ఎక్కువైందని. పదహారేళ్లు ఈ కోపాన్ని మోశాను. గడ్డం గీసుకునే ప్రతిసారీ బ్లేడు ఆ గాటు దగ్గర ఆగేది, నాకు ఆయన గుర్తొచ్చేవాడు.

నాయన బస్సు డిపోలో మెకానిక్కు. పొద్దుటి షిఫ్టు ముగించుకుని మధ్యాహ్నం వచ్చి, తిని, నడవలో చాప మీద పడుకునేవాడు. ఆ రోజు నేను స్పీకర్ల శబ్దం తగ్గించడం మరిచిపోయాను. మూడో వాకిట్లోకి అడుగుపెట్టేసరికి గుమ్మంలో ఆయన నిలబడి ఉన్నాడు. నిద్ర చెడగొట్టినందుకు తిడతాడనుకున్నాను. ఆయన తెర వైపు చూడటం లేదు, చెవి ఒగ్గి వింటున్నాడు. ఆటలో నా తుపాకీ గొట్టాలు గిర్రున తిరిగే శబ్దం విని, దాని బేరింగు పోయినట్టుందని అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆయన ఇనుప కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. అలా పక్కపక్కన కూర్చోవడం ఎన్నేళ్లయిందో లెక్క తెలియదు.

ఆట ఏమిటని అడిగాడు, చెప్పాను. ఇందులో నువ్వు ఎవరని అడిగాడు. నేను కనబడను, చేతులూ తుపాకీ మాత్రమే కనబడతాయన్నాను. వీళ్లంతా నీ మీదికి ఎందుకు వస్తున్నారని అడిగాడు. అది నాకూ తెలియదు, కథ అంతా పెద్ద ఆటలో ఉంటుంది, ఇది ముక్కే కదా అన్నాను. ఆయన కాసేపు చూశాడు.

“యాల వస్తాండారో తెలీకుండానే కాలుస్తాండావా?”

ఇందులో తెలుసుకునే వ్యవధి ఉండదు, నిలబడితే చస్తాం అని చెప్పాను. చెబుతూ కాలుస్తూనే ఉన్నాను, ఆయన ముందు నా నేర్పు చూపించాలని కూడా ఉంది. అప్పుడే తోరణం కింద నుంచి నల్లటిది బయలుదేరింది. చేయి జారింది. తెర ఎర్రబడింది.

ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. ఇంకోసారి ఆడమన్నాడు. ఆడాను. మళ్లీ అదే. ఈసారి ఆయన తెర చూడలేదు, నా చేతిని చూశాడు. మౌసు పక్కన చచ్చుబడినట్టు పడి ఉన్న నా చేతిని. సిగ్గేసింది. కంప్యూటరు నెమ్మది అని ఏదో అబద్ధం చెప్పాను.

“ఇంగోసారి పెట్టు. అది వచ్చేటప్పుడు కాల్చబాక. ఏమో అంటాండాది అది, ఇను.”

అదేమీ అనదు, పరుగెత్తడమే దాని పని అన్నాను. అయినా పెట్టాను. మూడో వాకిట్లో మిగతావాటిని కాల్చేసి, తుపాకీ ఆపి, ఇద్దరం విన్నాం. నిజమే. పాటా, గాలీ, గంటల మోతా వీటన్నిటి అడుగున దాని గొంతు ఉంది. గురగుర లాంటి ధ్వని, ఒకటే పదం లాంటిది, ఆగి ఆగి. ఇన్ని రోజులు తుపాకీ మోతలో నాకది వినబడలేదు. ఇంజను చప్పుడులో ఏ నట్టు వదులైందో వినే మనిషికి వినబడింది. ఏ భాషా కాదు, ఎవరో రికార్డు చేసి పెట్టిన అరుపు, దానికి అర్థం లేదన్నాను. నల్లటిది వచ్చి మీద పడింది. తెర ఎర్రబడింది.

నాయన నా వైపు తిరగకుండా అన్నాడు.

“డప్పుల మోతలో నా మాట గూడా నీకట్లనే ఇనబడిందేమో.”

వెంటనే అర్థం కాలేదు. పదహారేళ్లలో ఆ రోజు గురించి ఆ ఇంట్లో పడిన మొదటి మాట అది. ఇంక ఆయన ఆగలేదు. నన్ను పది రోజుల తరువాత చూసి, ఒంటి మీద వేషం ఉన్న సంగతి మరిచిపోయి, ఎత్తుకుందామని వచ్చాడట. నేను పరుగెత్తగానే తప్పు తెలిసి ఆగిపోయాడట. పోనీలే, ఇంట్లోకి వాళ్లమ్మ దగ్గరికి పోతాడు అనుకున్నాడు. నేను ఇంటి వైపు పోలేదు. పెద్ద రోడ్డు వైపు పోయాను. అక్కడ మలుపులో బస్సు వస్తోంది. బస్సు కనబడటానికి ముందే శబ్దం వచ్చింది. డ్రైవరు గేరు తగ్గించలేదని ఆ శబ్దం బట్టి ఆయనకు తెలిసిపోయింది. అప్పుడు మళ్లీ పరుగెత్తాడు. ఆయన పరుగెత్తేకొద్దీ నేనింకా పరుగెత్తాను. బస్సు మీదికి వచ్చే క్షణంలో ఆయనకు నా చొక్కా అందింది.

“మూడు మాట్లు పిలిస్తిని రా నిన్ను. పేరు పెట్టి పిలిస్తిని. నేను మీ నాయన్ని, నిలబడు అని గూడా అంటిని.”

వేషంలో ఉండి కన్నబిడ్డను పేరు పెట్టి పిలిచాడు. వరస చెప్పుకున్నాడు. అక్కడితో ఆ వేషం మైలపడిందని ఆయన లెక్క. గుడి దాకా పోయి, లోపలికి అడుగుపెట్టకుండా బయటే నీళ్లు పోసుకుని వచ్చేశాడు. మళ్లీ బొగ్గు ముట్టుకోలేదు. నేననుకున్న సిగ్గు ఏదీ లేదు. నన్ను పిలిచిన తప్పుకు పదహారేళ్లు తనకు తానే శిక్ష వేసుకున్నాడు. నేను మాత్రం నన్ను పిలవనందుకు ఆయనకు శిక్ష వేస్తూ వచ్చాను.

ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదని అడిగాను. వేషంలో జరిగింది మాట్లాడకూడదు కదా, నువ్వూ అడగలేదు అన్నాడు. అంత మామూలుగా అన్నాడు. వంటింటి గుమ్మంలో అమ్మ ఎప్పుడొచ్చి నిలబడిందో, చేతిలో కడిగిన పళ్లెం కారుతోంది. ఆ బస్సు డ్రైవరు దిగొచ్చి నాయన కాళ్లు పట్టుకున్నాడని, బిడ్డ రక్తం ఒకవైపు, నాయన ఏడుపు ఒకవైపు, ఎవర్ని సముదాయించాలో తనకు తెలియలేదని అమ్మ చెప్పింది. ఆమె కూడా నియమం కోసమే నోరు కట్టుకుని ఉందన్నమాట. ఆ ఇంట్లో ముగ్గురం ఉండి, ఇద్దరికి తెలిసిన సంగతి మూడోవాడికి తెలియకుండా పదహారేళ్లు అన్నం తిన్నాం.

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. నా మీదే అనుకుంటాను. నాయన నా భుజం మీద చేయి వేద్దామని ఎత్తి, ఎక్కడ వేయాలో తెలియక కుర్చీ వీపు మీద పెట్టాడు. ఆయన వేళ్ల గీతల్లో గ్రీజు ఇంకిపోయి ఉంది. నల్లటి చేతులు. రోజూ చూసినవే. వాటికి నేనెప్పుడూ భయపడలేదు కదా అని అప్పుడే తట్టింది.

రెండు రోజుల తరువాత మూడో వాకిలి దాటాను. నల్లటిది వచ్చినప్పుడు చేయి జారలేదు. కాల్చాను. కాల్చేటప్పుడు మనసులో కొంచెం ముల్లు గుచ్చుకుంది, దాని మాట ఇంకొంచెం వినాల్సిందేమో అని. దాటాక అవతల ఏముందో చూద్దామనుకుంటే ఏమీ లేదు. డెమో అక్కడితో ముగిసింది. మిగతా ఆట త్వరలో వస్తుందని, కొనుక్కోమని రాసి ఉంది. ఆ ఆట మీద ఇప్పటికీ నా అభిప్రాయం ఒకటే. దానికి వేగం ఎంత తెలుసో భయం అంత తెలియదు. పరుగెత్తుకొచ్చే ప్రతిదీ చంపడానికే వస్తుందన్న నమ్మకం మీద కట్టిన ఆట అది. ఆ నమ్మకంతో నేను అప్పటికే ఒక ఆట పదహారేళ్లు ఆడి ఉన్నాను.

జాతర దగ్గరపడింది. ఈసారి నాయన వేయాలని నేనే అన్నాను. అందరికంటే ముందు సంతోషించింది చిన్నాయన. బొగ్గు పూసుకున్న ప్రతి ఏడూ నెలరోజులు ఒళ్లు దురద పెడుతోందని, అన్న మీద గౌరవంతో నోరు మూసుకున్నానని చెప్పాడు. నాయన మాత్రం ఒప్పుకోలేదు. మైలపడిన వేషం, తల్లి కోపం చేసుకుంటుందన్నాడు. అమ్మ ఒకరోజు చెప్పకుండా గుడికి పోయి అక్కడి పెద్దాయనను అడిగి వచ్చింది. బిడ్డ చావబోతుంటే పిలిచినవాడిది తప్పని ఏ తల్లి అంటుందమ్మా, గంగమ్మకు మాత్రం బిడ్డలు లేరా అని ఆయన అన్నాడట. నాయన ఆ రాత్రి భోజనం ముగించాడు. లేచేటప్పుడు, బొగ్గు నన్నే నూరమన్నాడు.

చింతకట్టె బొగ్గు రోట్లో వేసి మెత్తగా నూరాను. నూనె కలిపాను. అరుగు మీద ఎదురుగా కూర్చున్నాను, ఇరవై రెండేళ్లవాణ్ని, ఆరేళ్లవాడి చోట్లో. చేతులు, ఛాతీ, మెడ. వీపు అందకపోతే నేను పూశాను. వెన్ను ఎముకలు తేలాయి, ఎప్పుడు ఇంత చిక్కాడో నేను గమనించనే లేదు. చెవులు, ముక్కు. కళ్లు మిగిలాయి. అమ్మ పక్కన నిలబడి, అలవాటు కొద్దీ, మీ నాయనే, చూడు అంది. చూస్తూనే ఉన్నానని చెప్పాను.

నాయన, డప్పులవాళ్లు బయలుదేరాక నేను వీధి మొదటికి పోయి నిలబడ్డాను, ఆ కాలవ రాయి దగ్గర. డప్పులు దగ్గరయ్యాయి. జనం చీలి దారిచ్చారు. ఆ చివర నుంచి నల్లటి మనిషి, తెల్లటి కళ్లు, చేతిలో వేపకొమ్మ, పరుగెత్తుకొస్తున్నాడు. అంతా తెలిసి, నా చేత్తో పూసిన బొగ్గేనని తెలిసి కూడా నా కాళ్లు వెనక్కి పోదామన్నాయి. అది దాచను. కాలి వేళ్లతో నేలను పట్టుకున్నాను. నాయనకు ఇప్పుడు మునుపటి పరుగు లేదు, ఆయాసం వినబడుతోంది. వచ్చి నా ఎదుట, చెయ్యంత దూరంలో ఆగాడు. నన్ను పేరు పెట్టి పిలవలేదు. పిలవకూడదు. ఊపిరి కూడదీసుకుని, వీధి అంతా వినేలా తిట్టాడు.

“పెట్టెలో దయ్యాలకు చేతులు జార్చుకొనే సన్నాసోడా, నడీదిలో గుంజ మాదిరి నిలబడుకోనుండావే, కాళ్లు ఇరిగినాయా నీకు?”

వేపకొమ్మతో నెత్తిన ఒక్కటి వేసి ముందుకు పోయాడు. జనం నవ్వారు. నా పక్కనున్న ముసలామె, మంచి తిట్టు తిన్నావు నాయనా, ఈ ఏడు నీకు ఉద్యోగం వస్తుంది అంది. నేను అక్కడే నిలబడి ఉన్నాను, మొహం నిండా కన్నీళ్లతో, జుట్టులో వేపాకులతో.

సాయంత్రం ఆయన గుడి లోపలికి పోయి, నీళ్లు పోసుకుని, తెల్ల చొక్కాలో ఇంటికి వచ్చాడు. ఇద్దరం కాఫీ తాగాం. పొద్దున జరిగినదాని గురించి ఆయన మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. తరువాత కూడా ఎప్పుడూ మాట్లాడుకోలేదు. వేషంలో జరిగింది వేషంతోనే పోవాలి. ఇప్పుడిలా రాయడం ఆ నియమాన్ని తప్పడమేనని నాకు తెలుసు. మా ఇంట్లో ఆ తప్పు మొదట చేసింది నేను కాదు.